దొరకలేదన్నంత కాలం

ప్రొఫెసర్ ఆర్వో సాల్మెలా దగ్గర చదువుకున్నవాళ్ళు ఆయన చెప్పిన జీవశాస్త్రంలో సగం మరిచిపోయి ఉండవచ్చు గాని, ఒక్క మాట మాత్రం మరిచిపోలేదు. ఖాళీ వల పైకి తీసిన విద్యార్థి ఎవరైనా నోరు జారి "ఇక్కడ ఆ చేప లేదండీ" అన్నాడంటే వాడి పని అయిపోయినట్టే. ఆయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, "లేదా, దొరకలేదా?" అని అడిగేవాడు. "ఇంత సరస్సులో నీ వల తడిసింది ఎంత మేర? మిగిలిన నీళ్ళను అడిగి వచ్చావా? దొరకలేదని రాయి. లేదు అని చెప్పడానికి నువ్వేమీ దేవుడివి కావు. ఆ ఉద్యోగం కూడా ఖాళీగానే ఉందని నా అనుమానం." ఆ చివరి మాటకు ప్రతి ఆదివారమూ చర్చికి వెళ్ళే పిల్లలు కూడా నవ్వేవారు.

ఆయన తన ఉద్యోగ జీవితమంతా ఉత్తర మిన్నెసోటాలోని ఆ చిన్న కాలేజీలోనే గడిపాడు. అందులో సింహభాగం ఒటీలియా అనే ఒక్క సరస్సు మీద, ఆ సరస్సులో ముఖ్యంగా టలిబీ అనే ఒక్క చేప మీద ఖర్చయిపోయింది. టలిబీ చూపుకు గొప్పది కాదు. జానెడు పైన పొడవు, వెండి రంగు, ఒళ్ళంతా కొవ్వు. ఫోటో దిగడానికి చేపలు పట్టేవాళ్ళు దాన్ని గాలానికి గుచ్చే ఎరగానే చూస్తారు. కాని ఆ ఫోటోలోకెక్కే వాలై చేప బలిసేది దీన్ని తినే. లూన్ పక్షి తన పిల్ల నోట్లో పెట్టేది దీన్నే. చలికాలంలో మంచుకు కన్నం వేసి పట్టి, పొగ పట్టించి, ఉప్పు బిస్కెట్టు మీద పెట్టుకుని ఆ ఒడ్డు జనం తరతరాలుగా తిన్నదీ దీన్నే.

ఈ చేపకు రెండే కోరికలు, నీరు చల్లగా ఉండాలి, ఆ నీటిలో ఊపిరి ఉండాలి. వేసవి చివర ఆ రెండూ ఒకచోట దొరకవు. పై నీరు కాగి ఉంటుంది. అడుగు నీరు చల్లగానే ఉంటుంది గాని, రాలిన నాచు అంతా అక్కడ కుళ్ళి ఊపిరిని తినేస్తుంది. పైన పొయ్యి, కింద గొయ్యి. రెంటికీ మధ్య ఒక పొర మిగులుతుంది. టలిబీలు ఆ పొరలో ఒదిగి ఒదిగి నీటిని కలియతిప్పే ఆకురాలు కాలపు గాలుల కోసం ఎదురుచూస్తాయి. ఆర్వో యువకుడిగా కొలిచిన నాడు ఆ పొర రెండంతస్తుల ఇంటంత ఎత్తుండేది. ఏడాదికేడాది వేసవులు ముదిరాయి, పొర పలచబడింది. రెండేళ్ళ కిందటి జులైలో గాలి కదలని ఒక వారం పాటు అది పూర్తిగా మూసుకుపోయింది.

ఆ వారం సంగతి లవాన్ ట్వెయిట్‌ను అడగాలి. ఒటీలియా ఒడ్డున అద్దె కుటీరాలు నడిపే డెబ్భై దాటిన మనిషి ఆమె. భర్త పోయాక ఆ కుటీరాలనూ, సరస్సు సంఘాన్నీ, అవసరమైతే చర్చి పాస్టరునూ కూడా ఒంటిచేత్తో నడుపుతున్నది. ఒడ్డంతా తెల్లగా తేలిన టలిబీలను పారలతో ఎత్తి ఎత్తి ఆమె భుజాలు పడిపోయాయి. ఆ కంపు తన పరుపులకు పట్టి, ఆ వేసవి ఒక్క కుటుంబమూ మూడో రాత్రి నిలవలేదని ఇప్పటికీ చెబుతుంది.

ఆ తరువాతే ఊపిరి గొట్టం వచ్చింది. ఒడ్డున ప్రాణవాయువు ట్యాంకు, దాని నుంచి సరస్సు లోతుదాకా సన్నని రంధ్రాల గొట్టం. మత్స్య విభాగం వాళ్ళు సగం పెట్టుకుంటే, లవాన్ సంఘం చందాల కోసం అట్ల విందులు పెట్టి పెట్టి మిగిలిన సగం పోగుచేసింది. మరుసటి వేసవి మధ్య పొర మళ్ళీ తెరుచుకుంది. ఆర్వో వలలు వేశాడు, ఒక్క టలిబీ కూడా పడలేదు. విభాగం వాళ్ళకు తన అలవాటు మాటే చెప్పాడు, దొరకలేదు అని. ఆ మాట బలం మీద గొట్టం మరో ఏడాది నిలిచింది.

ఈ ఏడు ఆగస్టు చివర బ్రిట్ సోలమ్ ఫోను చేసింది. ఆమె ఆర్వో దగ్గర చదివిన పిల్లే. ఇప్పుడు మత్స్య విభాగంలో ఆ ప్రాంతపు సరస్సులన్నీ ఆమె చేతి కింద ఉన్నాయి.

"డాక్టర్ సాల్మెలా, మోకాలెలా ఉందండీ?"

"మోకాలు ఉంది. అది మాత్రం ఖాయంగా చెప్పగలను."

ఆమె నవ్వింది. ఆ వెంటనే గొంతు మార్చుకుంది. "లిటిల్ వెస్పర్ సరస్సు సంగతి విన్నారా? అక్కడ టలిబీలున్నాయి. పోయిన నెల వలేస్తే పిల్లల్తో సహా పడ్డాయి. కానీ పొర బాగా పలచబడిపోయిందండీ. ఇలాగే వదిలేస్తే వచ్చే వేసవి దాటవు. వాళ్ళకి గొట్టం కావాలి. నా దగ్గరున్నదల్లా ఒక్క గొట్టం. అది మీ ఒటీలియాలో పడుంది."

ఆర్వో ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"సెప్టెంబరు ఆఖరికి మీరు తేల్చి చెప్పాలి. మీ దగ్గర అవి ఉంటే గొట్టం కదలదు, మాటిస్తున్నా. లేకపోతే మంచు పట్టకముందే తీసి అక్కడ వెయ్యాలి. ఈసారి మాత్రం దొరకలేదు అనకండి, మీకు పుణ్యముంటుంది. దొరకలేదంటే నేను గొట్టం తియ్యనూలేను, ఉంచనూలేను. ఉన్నాయా, లేవా? అంతే."

"ఇలా అడగకూడదని నీకు పాఠం చెప్పింది నేనే కదూ?"

"మీరే. మార్కులు కూడా మీరే వేశారు."

ఫోను పెట్టేశాక ఆయన చాలాసేపు కిటికీ దగ్గర నిలబడిపోయాడు. తన మాటను తన విద్యార్థే పక్కకు పెట్టమనడం ఆయనకు బాధ కలిగించలేదు. ఆ మాట అనకుండా తాను ఎలా బతకాలో తెలియకపోవడమే బాధ కలిగించింది.

*

సెప్టెంబరు నడిమికి ఆర్వో పెట్టెలతో, వలలతో లవాన్ రేవుకు చేరాడు. సరస్సు మీద ఆమె చదును పడవ తప్ప ఆయన మరో పడవ ఎక్కడు. దాని చుక్కాని ఆమె మరొకరి చేతికి ఇవ్వదు.

"ఏమయ్యా ప్రొఫెసరూ, మళ్ళీ వచ్చావా? రిటైరైతే మనుషులు ఫ్లోరిడా పోతారటగా."

"ఫ్లోరిడాలో టలిబీలుండవు."

"ఇక్కడ మాత్రం?" అనేసి, తన మాటకు తానే ఉలిక్కిపడి, లవాన్ ఇంజను తాడు బలంగా లాగింది. "కూర్చో, కూర్చో. నిలబడితే పడతావు. నిన్ను తేల్చే ఓపిక నాకు లేదు."

మధ్యాహ్నపు ఎండ బాగా కాస్తున్నది. సరస్సు నడిబొడ్డున లంగరు వేసి, ఆర్వో కొలత కడ్డీని తీగ మీద దించాడు. ఒక్కో లోతు దగ్గర ఆగి అంకె చదివాడు. పైన స్నానాల తొట్టిలా వెచ్చగా ఉంది. ఇంకా దించితే చల్లబడింది. అక్కడ ఊపిరి ఉంది, తగినంతే కాదు, పుష్కలంగా ఉంది. అడుగుకు పోయాక అంకె ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. గొట్టం తన పని తాను చేస్తూనే ఉంది. మధ్య పొర మనిషెత్తుకు మించి తెరుచుకుని ఉంది.

"ఎలా ఉంది?" అంది లవాన్.

"బాగుంది. ఇరవై ఏళ్ళ కిందట ఉన్నంత బాగుంది."

"గది ఊడ్చి, వెల్ల వేసి, దుప్పటి పరిచి పెట్టామన్నమాట. ఇక అద్దెకొచ్చేవాళ్ళే రావాలి." కుటీరాల మనిషి కాబట్టి ఆమెకు లోకమంతా అద్దె గదులే.

ఆయన సోనార్ పెట్టె తెరిచాడు. ధ్వనిని నీటిలోకి పంపి, దేనికో తగిలి తిరిగి వచ్చిన దాన్ని తెర మీద గీసి చూపించే యంత్రం అది. పడవ మెల్లగా సాగింది. తెర మీద మొదట అడుగు గీత వచ్చింది. ఆ పైన ఖాళీ. ఆ ఖాళీలో ఎక్కడో ఒక బూడిదరంగు మరక మొదలై, సాగి, చిక్కబడి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక పట్టీలా పరుచుకుంది.

అది ఉన్నది సరిగ్గా ఆ లోతులోనే, చల్లని పొరలోనే. పైకి ఒక అడుగు పోలేదు, కిందికి ఒక అడుగు జారలేదు.

లవాన్ ఇంజను ఆపింది. "ఆర్వో. ఏమిటది?"

ఆయన తెర మీద వేలుంచి ఆ పట్టీ వెంబడి మెల్లగా నడిపాడు.

"నా కళ్ళు ముసలివి, నువ్వు చెప్పు. అవేనా?"

"అయి ఉండవచ్చు."

"అయి ఉండవచ్చేమిటయ్యా, నీ నోట్లో నా పార! ఏడుస్తున్నావా?"

"ఎండ కళ్ళల్లో పడింది."

"ఎండ నీ వీపు వెనకుంది."

ఆయన నవ్వాడు. చాలా కాలానికి నోరు తెరిచి నవ్వాడు. ఆ నవ్వు చూసి లవాన్ ఆయన భుజం గట్టిగా పట్టుకుని, పడవంతా ఊగేలా ఊపింది. "మా పాస్టరు చెప్పనే చెప్పాడు, ప్రార్థన ఊరికే పోదని. నీకు నమ్మకం లేదనుకో, నీ వంతు కూడా నేనే చేసుకున్నా."

నమ్మకం గురించి తనకు ఇన్నాళ్ళూ ఉన్న అభిప్రాయాలలో ఒక్కటి కూడా ఆ క్షణాన ఆర్వోకు గుర్తు రాలేదు. వలలు వేసి తీసేదాకా ఆగాలన్న జ్ఞానం ఆయనకు లేకపోలేదు. మొదటి ఏడాది పిల్లవాడికి కూడా అది ఉంటుంది. కాని ఒడ్డుకు చేరేలోగా లవాన్ ఫోను తీసి సంఘంలోని వాళ్ళందరికీ చెప్పడం మొదలుపెడితే, ఆయన చేయి ఎత్తి ఆపలేదు. గట్టున దిగాక ఎవరో సీసా మూత తీశారు, ఆయన ఒక గుక్క తాగాడు. ఎరల దుకాణంవాడు బయటి పలక మీద ఎర పురుగుల ధరలు తుడిచేసి, టలిబీలు తిరిగొచ్చాయని పెద్ద అక్షరాలతో రాసి పెట్టాడు. ఆర్వో ఆ పలక ముందు నుంచే నడిచి వెళ్ళాడు. తుడిచేయమని అనలేదు.

సాయంత్రం ఆ పట్టీ కనబడిన చోటునే, దాని లోతుకు సరిగ్గా అందేలా వలలు దించి వచ్చారు.

*

తెల్లవారాక తీసిన మొదటి వలలో, పై అంచున, రెండు పెర్చి చేపలు ఉన్నాయి. రెండో వల పైభాగాన ఒక వాలై ఉంది. బక్కచిక్కి, తల పెద్దదై, ఒళ్ళు సన్నగిల్లి ఉంది.

"ఇదేమిటి, ఉపవాసం చేసినట్టుంది?" అంది లవాన్.

ఆర్వో దాన్ని విప్పి నీళ్ళలోకి వదిలాడు. వల మిగిలిన భాగం, చల్లని పొరలో రాత్రంతా వేలాడిన భాగం, శుభ్రంగా ఉతికి ఆరేసినట్టు పైకి వచ్చింది. ఒక్క పొలుసు కూడా అంటుకోలేదు. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే.

"తప్పించుకున్నాయి. తెలివైన చేపలు," అంది లవాన్. "రెండేళ్ళు దాక్కున్నవి నీ వలలో పడతాయా?"

"అంత చిక్కటి పట్టీలో ఒక్కటైనా పడాలి లవాన్."

"మరి నిన్న చూసిందేమిటి?"

నిన్న చూసినదేమిటో ఆయన మనసు రాత్రే ఒకసారి గొణిగింది. ఆయన వినలేదు. ఇప్పుడు మారు మాట్లాడకుండా సోనార్ పెట్టాడు. పొద్దెక్కి ఎండ నీళ్ళలోకి దిగుతున్నది. పట్టీ నిన్నటి చోటనే ఉంది, చెక్కు చెదరలేదు. ఆయన పెట్టె అడుగు నుంచి సన్నని పట్టు జాలితో కుట్టిన గరాటు వలను తీశాడు. కంటికానని జీవాలను పట్టేందుకు వాడేది అది. దాని కొసన చిన్న గిన్నె ఉంటుంది. పట్టీ లోతు కిందిదాకా దించి, నిటారుగా, ఒకే వేగంతో పైకి లాగాడు. గిన్నెలోని నీటిని గాజు సీసాలోకి ఒంపి, వెలుగుకు ఎత్తి పట్టాడు.

సీసాలో నీళ్ళు కదులుతున్నాయి. కాసేపు చూస్తేగాని కదులుతున్నవి నీళ్ళు కావని తెలియలేదు. వేలి గోరంత పొడవున్న పురుగులు వందలకు వందలు, గాజుతో ఊదినట్టు పారదర్శకంగా, అడ్డంగా నిలబడి, ఉన్నట్టుండి ఒళ్ళు విరుచుకుని దూకుతున్నాయి. ఒక్కొక్క దానికి తల దగ్గర రెండు, తోక దగ్గర రెండు, ముత్యాల్లాంటి గాలి బుడగలున్నాయి.

"ఇవేమిటి?"

"దోమ పిల్లలు. కుట్టేవి కావు. వీటికి పుస్తకాల్లో దెయ్యపు దోమలని పేరు."

"దెయ్యాలా?"

"కనబడవు కనక అలా పెట్టారు. సోనార్ ధ్వని చేప మాంసాన్ని పెద్దగా లెక్కచెయ్యదు లవాన్. చేప పొట్టలో గాలితిత్తి ఉంటుంది చూడు, దానికి తగిలి తిరిగొస్తుంది. వీటి ఒంట్లోనూ గాలే. ఇన్ని ఒక్కచోట చేరితే తెర మీద చేపల మందలాగే కనిపిస్తాయి. ఈ వృత్తిలో అందరూ ఒకసారి మోసపోతారు. నేను నా ముప్పయ్యో ఏటే ఒకసారి మోసపోయాను."

"అంటే దెయ్యాల్లేవు, దేవుళ్ళు లేరని మా బుర్రలు తినేవాడివి, దెయ్యాన్ని చూసి కన్నీళ్ళు పెట్టుకున్నావన్నమాట."

"అన్నమాటే."

లవాన్ నవ్వాలనుకుంది, నవ్వు రాలేదు. సీసా ఆయన చేతిలోంచి తీసుకుని, తానూ వెలుగుకు ఎత్తింది. "పోనీలే. దోమలున్నంత మాత్రాన చేపలు ఉండకూడదని ఉందా? రెండూ ఉంటాయి. ఇంత ఇల్లు, ఎవరి గది వాళ్ళది."

ఆర్వో మెడ వెనుక ఎండ కాలుతున్నది. ఆయన తల ఎత్తి సూర్యుణ్ణి చూశాడు, వంగి నీళ్ళను చూశాడు, సీసాను చూశాడు. అంతసేపూ ఆయనకు తట్టనిది, తెర మీద కళ్ళు నిలిపిన నిన్న మధ్యాహ్నం కూడా తట్టనిది, ఆ ఎండలో తట్టింది.

ఈ పురుగులు ఎంత పిరికివో ఆయనకు తెలుసు. టలిబీలకు ఇవంటే ప్రాణం. అవి మసిలే సరస్సులో ఇవి పొద్దు పొడవకముందే అడుగు బురదలో దూరి, చీకటి పడ్డాకే పైకి వస్తాయి. పగటిపూట, నడి నీటిలో, చల్లని పొరలో, ఊపిరి పుష్కలంగా ఉన్న చోట, టలిబీల సొంత గదిలో ఇవి ఇలా నిలబడవు. నిలబడితే, తమను తినే నోరు ఆ దరిదాపుల్లో లేదని తెలిసే నిలబడతాయి. నాలుగు వలలు కొన్ని గజాల నీటిని మాత్రమే అడగగలిగాయి. ఈ పురుగులు సరస్సు నీళ్ళన్నిటినీ, పగలూ రాత్రీ, ప్రాణాలు ఒడ్డి అడిగాయి. వాటికి వచ్చిన జవాబు ఆయన కళ్ళ ముందు సీసాలో ఒళ్ళు విరుచుకుంటున్నది.

"ఏమైందయ్యా? అలా అయిపోయావేం?"

ఆయన చెప్పాడు. తరగతిలో చెప్పినట్టు, మెల్లగా, ఒకదాని తరువాత ఒకటి చెప్పాడు. లవాన్ చివరిదాకా విన్నది. తరువాత సీసాను పడవ అంచు మీద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుంది.

"సరే, బ్రిట్‌కి దొరకలేదని చెప్పు."

"లవాన్—"

"అబద్ధం చెప్పమన్నానా? దొరికాయా? దొరకలేదు. నీ మాటే కదా అది! నలభై ఏళ్ళు నా మెదడు తిన్నావు దాంతో. మా ఆయన పోయినప్పుడు, ఆయన స్వర్గంలో ఉన్నాడని నేనంటే నువ్వేమన్నావు? 'లేడని నేననను లవాన్, నాకు తెలియదని అంటాను' అన్నావు. ఆ రోజు ఎంత మర్యాదగా అనిపించిందో తెలుసా నాకు? ఆ మర్యాద ఈ సరస్సుకెందుకు లేదు?"

"ఆ రోజు నాకు నిజంగానే తెలియదు."

"ఇప్పుడు తెలుసా?"

"తెలుసు."

"ఒక్కటి ఉంటే? ఏ మూలో, ఏ రాయి కిందో, ఒక్క జత?"

"ఒక్క జత ఉంటే కూడా—" అని ఆయన ఆగాడు. "నేను దొరకలేదు అన్నంత కాలం గొట్టం ఇక్కడే ఉంటుంది. ఇక్కడ ఊపిరి దోమలకి పోస్తున్నాం. వెస్పర్‌లో పిల్లలతో సహా ఉన్నాయి, అక్కడ పొర మూసుకుపోతోంది."

"వెస్పర్ వాళ్ళు అట్లు పోశారా? నేను పోశాను! చేతులు కాలేలా పోశాను! నా గొట్టం తీసుకెళ్ళి ఎవరికో ఇస్తావా?" ఆమె గొంతు నీళ్ళ మీద చాలా దూరం పోయింది. అవతలి ఒడ్డున ఎవరో తలెత్తి చూశారు. "పోయిన ఏడు కూడా నీకు ఈ తెలివి ఉందిగా! అప్పుడెందుకు అన్నావు దొరకలేదని?"

"లేవు అనడానికి చేతకాక," అన్నాడు. "పిల్లలకి చెప్పినప్పుడు అది జాగ్రత్త. నాకు నేను చెప్పుకున్నప్పుడు అది ఇంకేదో."

లవాన్ ఇంజను తాడు లాగి పడవను తిప్పింది. రేవు చేరేదాకా ఇంజను మోత ఒక్కటే వినిపించింది.

*

ఆర్వో రేవు మీదనే, ఇంకా తడి బూట్లతో ఉండగానే ఫోను చేశాడు. ఇంటికి వెళితే ఆ మాట మళ్ళీ మారిపోతుందేమోనని ఆయనకు భయం.

"బ్రిట్, లేవు."

"దొరకలేదనా?"

"లేవు."

"ఎలా తేలింది?"

పురుగుల సంగతి చెప్పాడు. ఆమె ఆయన విద్యార్థి. రెండో వాక్యానికే అర్థమైపోయి, "అయ్యో," అంది. తరువాత వృత్తి గొంతుతో, "అయితే అక్టోబరు మొదట్లో మనుషుల్ని పంపిస్తాను," అంది.

"వెస్పర్‌కి ఈ గొట్టం ఎన్నాళ్ళిస్తుంది?"

"నిజం చెప్పనా?"

"నన్నడుగుతావేం?"

"ఓ ఏడెనిమిది వేసవులు. ఇంకా ముందే కూడా కావచ్చు. పై నీళ్ళు వేడెక్కడం ఆగదు కదండీ. గొట్టం కింది నుంచి తోస్తుంది, ఎండ పై నుంచి నొక్కుతుంది. ఎండే గెలుస్తుంది."

"ఆ తరువాత?"

"ఆ తరువాత వెస్పర్ రేవు మీద నుంచి ఎవరో ఒకరు నాకిలాగే ఫోను చేస్తారు."

ఎరల దుకాణంవాడు ఆ సాయంత్రమే పలక తుడిచి పురుగుల ధరలు మళ్ళీ రాశాడు. ఆర్వో దుకాణంలోకి వెళ్ళి, తప్పు తనదేనని, వల తీయకముందే సంతోషపడ్డానని చెప్పాడు. వాడు చిల్లర లెక్కపెట్టుకుంటూ, "ప్రొఫెసర్లు కూడా మనుషులే కదండీ," అన్నాడు. అది ఓదార్పో దెప్పో ఆయనకు తెలియలేదు. సంఘం సమావేశంలో మాత్రం తిట్లు పడ్డాయి. ఒక కుర్ర వకీలు, నిన్నగాక మొన్న ఒడ్డున ఇల్లు కట్టినవాడు, చచ్చిన చేప కోసం ఏడవడం మాని చెరువుల్లో పెంచిన వాలై పిల్లలను తెచ్చి పోస్తే సరిపోతుంది కదా అన్నాడు. అవి ఏం తిని బతుకుతాయని ఆర్వో అడిగాడు. ఆ ప్రశ్న ఎవరికీ నచ్చలేదు. వాలై పిల్లలను పోయాలన్న తీర్మానం చేతులెత్తి నెగ్గించారు. లవాన్ అవునని గాని, కాదని గాని చేయి ఎత్తలేదు. వంటగదిలో కాఫీ కప్పులు కడుగుతూ ఉండిపోయింది.

అక్టోబరులో ఇద్దరు మనుషులు లారీతో వచ్చారు. గొట్టం లంగరు రాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసినది లవాన్ ఒక్కతెకే. ఆమె రాదేమోనని ఆర్వో అనుకున్నాడు. వచ్చింది. తల మీద ఉన్ని టోపీ లాక్కుని, వాళ్ళకు పలకరింపుగా తల ఆడించి, పడవ తీసింది. ఆయనతో రెండు వారాలుగా ఆమెకు మాటలు లేవు.

ఒడ్డున ఒక మనిషి ట్యాంకు మర తిప్పాడు. రెండేళ్ళుగా పగలూ రాత్రీ బుస కొడుతున్న ఆ చప్పుడు ఆగింది. ఆగాకనే, అది ఎంత పెద్ద చప్పుడో అందరికీ తెలిసింది. నడి సరస్సు నుంచి గొట్టం పైకి వస్తుంటే నల్లటి బురద కారి, కుళ్ళిన గుడ్ల వాసన వచ్చింది. గొట్టం బరువుగా ఉంది. ఆ మనుషులు ఒక చెయ్యి వెయ్యమని అడిగారు. ఆర్వో ఒక పక్క, లవాన్ ఒక పక్క నిలబడి, లాగి, చుట్లు చుట్టసాగారు.

"ఇక నువ్వు రావన్నమాట," అంది ఆమె, గొట్టం వైపే చూస్తూ.

"వస్తాను. కొలవాలి కదా."

"ఏం కొలుస్తావు?"

ఆయన ఆలోచించాడు. "వేడి," అన్నాడు.

ఆమె తల ఊపింది. కోపంగా కాదు. కోపం ఉంటే బాగుండునని ఆర్వోకు అనిపించింది.

రేవుకు చేరేసరికి చివరి కుటీరంలో దిగిన ఒక యువతి, మినియాపొలిస్ నుంచి వారాంతానికి వచ్చిన మనిషి, కాఫీ కప్పు పట్టుకుని గట్టున నిలబడి ఉంది. గాలి లేదు. ఎర్రబారిన మేపుల్ చెట్లు నీళ్ళలో ఆకు ఆకూ కనిపిస్తున్నాయి.

"ఎంత బాగుందండీ! ఎంత ప్రశాంతంగా ఉందో!" అంది ఆ యువతి. "ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

లవాన్ ఆర్వో వైపు చూసింది.

"ఇకనించి ఇలాగే ఉంటుందమ్మా," అన్నాడు ఆర్వో.

"అదృష్టవంతులు మీరు," అని ఆమె ఫోటో తీసుకుంది. లారీ మనుషులు తొందరపెట్టారు, చీకటి పడేలోగా వెస్పర్ చేరాలట. ఆర్వో వంగి మళ్ళీ గొట్టం అందుకున్నాడు. లవాన్ రెండో కొస పట్టుకుంది. చల్లని బురద వాళ్ళ మోచేతుల దాకా కారుతుండగా ఇద్దరూ దాన్ని లారీ దాకా మోసుకెళ్ళారు.